పసుపు రంగు తూటా

మా బావ ముఖం సగమే గీసి ఉంది. కుడిచెంప నున్నగా ఉంది. ఎడమచెంప మీద నాలుగు రోజుల నెరిసిన గడ్డం, చెవి కింద ఎండిపోయిన సబ్బు. మనిషిని చంపానని ఒప్పుకున్నవాడు అలా కూర్చుని ఉంటే, చూసినవాళ్ళలో ఒక్కరైనా "ఏమయ్యా, ఆ రెండో చెంప ఏం పాపం చేసింది?" అని అడగాలి. నిన్న మధ్యాహ్నం నుంచి ఇవాళ పదకొండింటిదాకా ఆ స్టేషన్లో ఒక్కరికీ ఆ బుద్ధి పుట్టలేదు.

నేను అడిగాను.

"సెలూన్లో కరెంటు పోయింది మరదలా," అన్నాడు ఊచల వెనకనుంచి.

"గడ్డం కత్తికి కరెంటెందుకు బావా?"

"పోలీసు ఉద్యోగం మానేశావు గానీ, పోలీసు నోరు మానలేదే నువ్వు."

నవ్వబోయాడు. నవ్వు సగంలోనే ఆగిపోయింది.

సాయంత్రం అయిదింటికి మేజిస్ట్రేటు ముందు నిలబెడతారు. అక్కడ కూడా ఈ మాటే అన్నాడంటే దాన్ని వెనక్కి లాగడం నా తరం కాదు, నా తాత తరం కాదు. ఎనిమిది నెలల కిందట, కబేళాలో పనిచేసే కూతుర్ని అక్కడి ప్రమాదంలో పోగొట్టుకున్న మా అక్కకి ఇప్పుడు మొగుడు కూడా లేకుండా పోతాడు. మా అమ్మ నన్ను కని పోతే ఎనిమిదేళ్ళ మా అక్క నన్ను చంకనెత్తుకుని పెంచింది. పెళ్ళయినప్పుడు నన్ను కూడా వెంటబెట్టుకునే అత్తారింటికి వెళ్ళింది. "పెళ్ళాం కొంటే ఇది ఉచితమా?" అని ఆటపట్టిస్తూనే నాకు స్కూలు సంచి కొనిపెట్టిన మనిషి ఈ ఊచల వెనక ఉన్నాడు.

"సరే. ఎలా చంపావో చెప్పు."

"రాసిచ్చాను కదా. మూడుంపావు దాటాక వెళ్ళాను. గన్నుతో పేల్చాను."

మా బావ కబేళాలో గన్ను మేస్త్రి. కోసేముందు పశువుకి తెలివి తప్పించడం ఆయన పని, ఇరవై ఆరేళ్ళుగా. ఆ గన్నులోంచి గుండు బయటికి పోదు. పశువు నుదుటికి ఆనించి నొక్కితే, తూటా పేలిన ఊపుకి బొటనవేలి లావు ఇనపకడ్డీ ఒకటి దూసుకొచ్చి పుర్రెలో దిగి, మళ్ళీ గొట్టంలోకి వెళ్ళిపోతుంది. పశువు అక్కడికక్కడే కూలబడుతుంది. కత్తి పడేది ఆ తర్వాతే. సరిగ్గా చేస్తే దానికి నొప్పి తెలియదని బావ చెప్పేవాడు. ఆ మాట చెప్పేటప్పుడు మాత్రం ఆయన వేళాకోళం ఆడేవాడు కాదు.

"ఏ తూటా పెట్టావు?"

"ఎర్రది."

"చూసే పెట్టావా?"

"ఇరవై ఆరేళ్ళుగా కళ్ళు మూసుకుని పెడుతున్నా. నాకు పాఠం చెప్తున్నావా?"

"కబేళా సూపర్‌వైజర్ని ఎందుకు చంపావు?"

"మా పిల్ల చావుకి వాడే కారణం కాబట్టి." అంతసేపూ నా ముఖంలోకి చూసినవాడు ఇప్పుడు నేలకేసి చూశాడు. "అక్క దగ్గరికి వెళ్ళు. తిన్నదో లేదో చూడు. ఇక్కడ నువ్వు చెయ్యగలిగింది ఏమీ లేదు."

నేను వెళ్ళలేదు. తిన్నగా సెలూన్‌కి వెళ్ళాను, అక్కడినుంచి కబేళాకి.

* * *

ఇనస్పెక్టరు నాకంటే ముందే వచ్చి ఉన్నాడు. డిపార్ట్‌మెంట్‌లో ఉన్నప్పుడు మేమిద్దరం ఒకే గదిలో పనిచేశాం. కేసు వచ్చిన రోజే మూసెయ్యాలని ఆరాటపడతాడు కాబట్టి అందరం ఆయన్ని అర్జెంటు అనేవాళ్ళం. వెనక కాదు, ముందే అనేవాళ్ళం. ఆయనకి అది పొగడ్తలా వినిపించేది.

"రండి మేడమ్. బావగారి కేసు కదా, మీకు చెయ్యి ఆడదనుకున్నా," అన్నాడు.

"నాకు చెయ్యి ఆడకపోయినా మీకు నోరు ఆడుతోందిగా, చాలు."

పక్కన ముసలి వాచ్‌మన్ దగ్గు నటించి నవ్వు మింగాడు.

సోమవారమైనా పని ఆపేశారు. పశువును నిలబెట్టే ఇనప బోను ఖాళీగా ఉంది. బోను పక్కన చిన్న బల్ల, బల్ల వెనక గోడకి గన్ను పెట్టే బీరువా. బీరువాకీ బల్లకీ మధ్య సుద్దముక్కతో మనిషి ఆకారం గీసి ఉంది. ఛాతీకి ఎడమవైపు ఒకే దెబ్బ. కుర్చీ పడలేదు, బల్ల జరగలేదు. పెనుగులాట జరగలేదన్నమాట. ఈ గన్ను ఒంటికి ఆనిస్తేనే పనిచేస్తుంది, జానెడు దూరం ఉంటే కడ్డీ గాల్లో ఆడి వెనక్కి పోతుంది. అంటే చంపిన మనిషిని సూపర్‌వైజరు అంత దగ్గరికి రానిచ్చాడు.

"కేసు అద్దంలా ఉంది," అన్నాడు అర్జెంటు. "నిన్న ఆదివారం, సెలవు. మూడూ ఇరవైకి మీ బావ పరుగెత్తుకుంటూ లోపలికి వెళ్ళాడు. మూడున్నరకి బయటికొచ్చి, ఇదిగో ఈ తాత పక్కన కూర్చుని, 'పోలీసుల్ని పిలువు, సూపర్‌వైజర్ని చంపేశా' అన్నాడు. గన్ను మీద మీ బావ వేళ్ళ గుర్తులు తప్ప ఇంకెవరివీ లేవు. అన్నిటికీ మించి కడ్డీ సంగతి ఉంది."

కడ్డీ సంగతి నాకు ఆయన చెప్పక్కర్లేదు. ఆ కబేళాలో ఒక పద్ధతి ఉంది. పని అయ్యాక గన్ను విప్పి తుడుస్తారు. గొట్టం ఇక్కడ బీరువాలో పెట్టి తాళం వేస్తారు, కడ్డీని మేస్త్రి తన క్యారేజీ సంచిలో ఇంటికి పట్టుకెళతాడు. ఎవరూ గన్నుతో చెలగాటం ఆడకుండా ఆ ఏర్పాటు. ఆ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ ఆ కడ్డీని వంటింటి అలమరలో చూశాను నేను.

"బీరువా తాళం ఎవరిది?"

"సూపర్‌వైజరుది. బీరువాకే వేలాడుతోంది."

"సూపర్‌వైజరు బీరువా తీసి గొట్టం బయటపెట్టాడు. మరి దాని మీద ఆయన వేళ్ళేవి? ఎవరో తుడిచారు కదా. చంపానని తనంతట తనే చెప్పబోయేవాడు తుడవడం ఎందుకు?"

"గాభరా."

"గాభరాపడేవాడు పది నిమిషాలు లోపలుండి, తీరుబడిగా వచ్చి బెంచీ మీద కూర్చుంటాడా?" వాచ్‌మన్ వైపు తిరిగాను. "తాతా, మీరు నిన్న ఎప్పుడెప్పుడు గేటు దగ్గర లేరు?"

"రెండుంపావుకి అన్నానికి పోయానమ్మా. మూడుంపావుకి వచ్చా. సూపర్‌వైజరు సారు లోపలే ఉన్నాడు, నేను చూసుకుంటాలే పొమ్మన్నాడు."

"మీరొచ్చాక లోపలినుంచి ఏమైనా వినిపించిందా?"

"ఏమీ లేదమ్మా, పిట్ట కూడా అరవలేదు. మీ బావ వెళ్ళాక కూడా చప్పుడు లేదు."

"గన్ను పేలితే గేటు దాకా వినబడుతుందా?"

ముసలాయన నావైపు, ఇనస్పెక్టరు వైపు మార్చి మార్చి చూశాడు. "రోజూ వింటూనే ఉంటాం కదమ్మా. నిన్న వినలేదు. ఈ సారు నన్ను ఆ సంగతి అడగలేదు."

అర్జెంటు చెవులు ఎర్రబడ్డాయి. నేను ఆగలేదు. వాచ్‌మన్ అన్నానికి పోయినప్పటినుంచీ సూపర్‌వైజరు ఫోను వివరాలు చదవమన్నాను. అయిష్టంగా జేబులోంచి కాగితం తీశాడు. రెండూ నలభై ఎనిమిదికి సూపర్‌వైజరు మా బావకి ఫోన్ చేశాడు, ఒక్క నిమిషం మాట్లాడాడు. ఆ తర్వాత ఓనరు దగ్గర్నించి మూడు ఫోన్లు: రెండూ యాభై ఎనిమిది, మూడూ అయిదు, మూడూ పన్నెండు. ఒక్కటీ ఎత్తలేదు.

"ఫోన్ ఎత్తకపోతే మనిషి చచ్చినట్టా మేడమ్?"

"తాతా, మీ సారు ఓనరు ఫోను ఎత్తకుండా ఉంటాడా?"

"స్నానం మధ్యలోనుంచైనా ఎత్తుతాడమ్మా," అన్నాడు వాచ్‌మన్.

"రెండూ నలభై ఎనిమిదికి మా బావ సెలూన్ కుర్చీలో ఉన్నాడు. సెలూనతన్ని ఇప్పుడే అడిగి వస్తున్నా. ఫోనొచ్చింది, సబ్బు ముఖంతోనే లేచి పరుగెత్తాడు. అక్కడినుంచి ఇక్కడికి బస్సులో అరగంట. ఓనరు మొదటిసారి ఫోన్ చేసేటప్పటికి బావ దారిలో ఉన్నాడు, మీ సూపర్‌వైజరు ఈ నేల మీద ఉన్నాడు. సగం గీసిన గడ్డం మీ లాకప్‌లోనే ఉంది కదండీ, ఒక్కసారైనా చూశారా?"

"ఒప్పుకున్నవాడి గడ్డం నాకెందుకు?"

"పోనీ, గన్ను విప్పి చూశారా? లోపల తూటా ఏ రంగుదో?"

"తూటా పేలింది, మనిషి పోయాడు. రంగుతో ఏం పని?"

ఈ మనిషికి ప్రమోషన్ ఇచ్చినవాడి కాళ్ళు మొక్కాలి.

"మా బావ రాసిచ్చిన కాగితంలో ఏముందో చదవండి."

"'ఎర్ర తూటా పెట్టి పేల్చాను.' ఇదిగో, సంతకం."

"ఇక విప్పండి."

జీపులో ఉన్న సీలు వేసిన సంచిలోంచి గన్ను తీయించి, ఫొటో తీయించి, కానిస్టేబుల్ చేత వెనక మూత విప్పించాడు. ఖాళీ తూటా బల్ల మీద పడి దొర్లింది. దాని అడుగున పసుపు రంగు.

ఎరుపు బలిసిన ఎద్దులకీ దున్నలకీ. నీలం మామూలు గొడ్లకి. పసుపు మేకలకీ గొర్రెలకీ, దాని ఊపు తక్కువ. ఇక్కడ మేకల విభాగం మూసి రెండేళ్ళయింది. బావకి పసుపు తూటాతో పనే లేదు. తను పెట్టిన తూటా రంగు తెలియని మేస్త్రి ఈ భూమ్మీద ఉండడు.

అర్జెంటు చాలాసేపు ఆ తూటానే చూశాడు. తిక్క మనిషే గానీ దొంగ కాదు. ఫోన్ తీసి స్టేషన్‌కి చెప్పాడు: "కోర్టు కాగితాలు ఆపండి. ఆయన అబద్ధం చెప్తున్నాడు."

నాకు గట్టిగా ఏడవాలనిపించింది. మా అక్కకి మొగుణ్ణి తెచ్చిస్తున్నానన్న సంతోషంతోనే.

"గెలిచారు మేడమ్," అన్నాడు. "మరి చంపిందెవరు? కడ్డీ మీ బావ ఇంట్లో ఉంది కదా. నడిచొచ్చిందా?"

ఆ మాట చెంప మీద కొట్టినట్టు తగిలింది. అప్పటిదాకా నేను బావ కాదని రుజువు చెయ్యడం మీదే పడ్డాను. ఆ ఇంట్లో ఇంకెవరుంటారన్న ప్రశ్న నాకు రానేలేదు. రానివ్వలేదు.

బల్ల మీదకి నా చూపు అప్పుడు పోయింది. అంచున మూత తెరిచి ఉన్న చిన్న ఇంకు ప్యాడు ఉంది.

"అది మాంసం మీద ముద్రలు గుద్దేది," అన్నాడు అర్జెంటు నా చూపు పట్టుకుని.

మాంసం మీద ముద్ర రోలరుతో వేస్తారు. అది అవతలి గదిలో గోడకి తగిలించి ఉంటుంది. ఇది ఆఫీసు ప్యాడు. సెలవురోజు మధ్యాహ్నం దీన్ని ఇక్కడ తెరిచారంటే ఎవరి చేతనో కాగితం మీద వేలిముద్ర వేయించబోయారన్నమాట. మా బావ సంతకం పెడతాడు. కబేళాలో అందరూ సంతకం పెడతారు. కూతురి చావు మీద మళ్ళీ ఎంక్వయిరీ చెయ్యమని లేబర్ ఆఫీసులో అర్జీ ఇచ్చి, నెల రోజులుగా దాన్ని వెనక్కి తీసుకోనని మొండికేసిన మనిషి ఒక్కతే వేలిముద్ర వేస్తుంది. నన్ను ఎత్తుకోవడానికి పలక కింద పెట్టేసింది కాబట్టి. నాకు అక్షరం వచ్చింది, తనకి రాలేదు. ఆ అక్షరం పెట్టి ఇవాళ నేను పొద్దుట్నించీ చేసిన నిర్వాకం ఇది.

"ముద్రలు గుద్దేదే అయ్యుంటుంది," అన్నాను.

* * *

స్టేషన్‌కి వచ్చేటప్పటికి నాలుగైంది. కానిస్టేబుల్ బావకి సంగతి చెప్పేసినట్టున్నాడు. ఊచలు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఎందుకు గెలిచావే?" అన్నాడు.

నా పెళ్ళిలో కూడా కంటతడి పెట్టని మనిషి. గడ్డం ఉన్న చెంప మీదుగా నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు.

"చంపింది అక్క అని నీకెలా తెలిసింది?" గొంతు తగ్గించి అడిగాను.

"వాడు ఫోన్ చేసి చెప్పాడు. 'నీ పెళ్ళాం ఇక్కడే ఉంది, వేలిముద్ర వెయ్యనంటోంది. నువ్వొచ్చి వేయిస్తావా, పసుపు తూటా సంగతి చెప్పమంటావా' అన్నాడు. నేను వెళ్ళేటప్పటికి వాడొక్కడే ఉన్నాడు, పడిపోయి. గన్ను తుడిచి నేను పట్టుకున్నా."

"పసుపు తూటా సంగతేమిటి బావా?"

తన కుడిచేతి కేసి చూసుకున్నాడు.

"ఆ రోజు ఎర్రవి అయిపోయాయి. పని ఆపుదామన్నాను. వాడు సొరుగులోంచి పాత పసుపు డబ్బా తీసి, 'ఒక్క ఎద్దేగా, కావాలంటే రెండుసార్లు కొట్టు' అన్నాడు. నేను పెట్టాను మరదలా. వాడు పెట్టలేదు, నేను పెట్టాను, ఈ చేత్తో. కొట్టగానే కూలింది. కాలికి గొలుసు వెయ్యడానికి మన పిల్ల వంగింది. రెండోది పెట్టుకునేలోపే ఎద్దు లేచింది." ఊచల మధ్య నుదురు ఆనించాడు. "'నాన్నా' అని కూడా అనలేదు. టైం లేదు దానికి. ఎంక్వయిరీలో ఎర్రదని రాసి సంతకం పెట్టాను. పిల్లదే అజాగ్రత్త అని తేల్చారు. నోరు మూసుకుని ఇంటికొచ్చాను."

నా మేనకోడలు ఇరవై రెండేళ్ళది. నన్ను పిన్నీ అని పిలిచిన పిల్ల ఇంకొకటి లేదు నాకు. ఆయన్ని కొట్టాలనిపించింది. ఊచల్లోంచి చెయ్యి పెట్టి ఆయన చెయ్యి పట్టుకున్నాను.

"నాకు పడాల్సిన శిక్షే ఇది. వేరే కేసులో పడుతోంది, అంతే. పొరపాటుపడ్డానని చెప్పు మరదలా, నీకు దణ్ణం పెడతా. ఇంకొకటి. వాడు మీ అక్కకి ఆ సంగతి చెప్పేసి పోయాడో, చెప్పకముందే పోయాడో నాకు తెలీదు. తెలియకపోతే మాత్రం తెలియనివ్వకు. సూపర్‌వైజర్ని చంపానంటే నన్ను చూడ్డానికి వస్తుంది. దాని కూతుర్ని చంపానంటే రాదు."

బయట వరండాలో బెంచీ మీద అక్క కూర్చుని ఉంది. ఒళ్ళో క్యారేజీ.

"తెచ్చావా ఆయన్ని బయటికి?" అంది నన్ను చూడగానే.

"తెచ్చానక్కా."

"నాకు తెలుసు. నిన్ను చదివించింది ఊరికే పోలేదు." కళ్ళలో నిజంగానే సంతోషం కనిపించింది. అది చూడలేక తల దించుకున్నాను. "నిన్ననే రావాల్సింది. కాళ్ళు రాలేదే. ఆయన నా నేరం నెత్తినేసుకున్నాడని తెలిశాక కూడా రాలేదు. ఈ పూట వచ్చాయి."

"ఏం జరిగిందక్కా?"

"ఆయన సెలూన్‌కి వెళ్ళాక వాడు ఫోన్ చేశాడు. 'రేపట్నుంచి వేరే మేస్త్రి వస్తాడు, కడ్డీ పట్టుకురా, కాగితం మీద వేలిముద్ర వేసిపో' అన్నాడు. తీసుకెళ్ళా. వాడే బిగించాడు. వాడే పసుపుది తీసి అందులో పెట్టి చూపించాడు. 'నీ కూతురు పోయిన రోజు ఇదే పెట్టింది నీ మొగుడు. అర్జీ వెనక్కి తీసుకోకపోతే లేబర్ ఆఫీసులో పదిమంది ముందు చెప్తా' అన్నాడు. గన్ను బల్ల మీద పెట్టేసి, ఇంకు తెరిచి, నా వేలు పట్టుకోబోయాడు." బొటనవేలు చీర కొంగుకి తుడుచుకుంది. "పదిమందిలో ఆయన ఆ మాట పడకూడదనిపించింది చెల్లీ. రోజూ రాత్రి లేచి కూర్చుని పిల్ల బట్టలు మడతపెట్టే మనిషాయన. అది మళ్ళీ వింటే బతుకుతాడా? వాడి నోరు మూయాలనుకున్నా. అంతవరకే అనుకున్నా."

నేను ఆమె పక్కన కూలబడ్డాను.

"నాకు తెలుసని ఆయనకి మాత్రం చెప్పకే," అంది. "తట్టుకోలేడు."

ఉద్యోగం చేసిన పదకొండేళ్ళలో ఇలాంటి కేసులు చూశాను. కన్నకూతురి చావుని అడ్డం పెట్టుకుని బెదిరించాడని, ఆ బాధలో చెయ్యి లేచిందని చెబితే ఏ జడ్జీ అయినా ఒక్క క్షణం ఆగి ఆలోచిస్తాడు. శిక్ష సగానికి సగం తగ్గుతుంది. ఆ మాట లేకపోతే ఇది ఇంట్లోంచి కడ్డీ పట్టుకెళ్ళి మరీ చేసిన హత్య. మా అక్కకి యాభై రెండేళ్ళు. బయటికి రావడమంటూ ఉండదు.

"అక్కా, ఆ మాట చెబితేనే..."

"చెప్పకు."

క్యారేజీ నా చేతిలో పెట్టి లేచింది. లోపల అర్జెంటు బావని లాకప్‌లోంచి బయటికి తీసుకొచ్చి బల్ల ముందు నిలబెట్టాడు, విడుదల కాగితం కోసం. అక్క తిన్నగా వెళ్ళి ఆ బల్ల ఇవతల నిలబడింది.

"సూపర్‌వైజర్ని నేను చంపాను బాబూ," అంది.

బావ "అబద్ధం!" అని అరిచాడు. ఇద్దరు కానిస్టేబుళ్ళు ఆయన్ని పట్టుకున్నారు. అర్జెంటు ఎప్పుడూ లేనిది నిదానంగా కలం మూత తీశాడు.

"ఎందుకు చంపావమ్మా?"

అక్క బావ వైపు చూసింది. ఆయన ఊపిరి బిగబట్టి ఆమె పెదవులే చూస్తున్నాడు.

"అర్జీ వెనక్కి తీసుకోమన్నాడు బాబూ. కోపమొచ్చింది. అంతే."

"ఇంకేమీ అనలేదా వాడు?"

"ఏమీ అనలేదు."

బావ ఆపుకున్న ఊపిరి వదిలాడు. ఆ చప్పుడు నాకు వినబడింది. అర్జెంటుకి తృప్తి కలగలేదు. జీవితంలో మొదటిసారి ఆయనకి కేసు మూసెయ్యాలనిపించనట్టుంది. తలెత్తి నావైపు చూశాడు.

"మేడమ్, ఇందులో ఇంకేదో ఉంది. మీకేమైనా తెలుసా?"

పొద్దుట్నించీ ఒక్క క్షణం నోరు మూయనిదాన్ని, అక్కనీ బావనీ చూసి, తెలియదని తల ఊపాను.